ఎక్స్ + 5 = 12 ఒప్పా, తప్పా, ఇంకోటా?

ప్రశ్న: పలాస దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మ రాసిన పొడవాటి ఉత్తరం ఇది. ఆమె జీడిపప్పు పరిశ్రమలో పప్పు వేరుచేసే పనికి వెళ్తారు, భర్త ఆటో నడుపుతారు. అబ్బాయి ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. ‘మా గుంటడికి కూడికలు, తీసివేతలు, భిన్నాలు అన్నీ వచ్చు. కొట్టుకు పంపితే చిల్లర లెక్క తప్పడు. కానీ గణిత వాక్యాలు ఇచ్చి ట్రూ, ఫాల్స్, ఓపెన్ (ఇప్పుడే తేల్చలేనిది) అని రాయమంటే పదికి నాలుగే వచ్చాయి’ అని ఆమె బాధ. తప్పుపోయిన ఆరింటినీ, వాడు చెప్పిన కారణాలతో సహా రాసి పంపారు. ఎక్స్ + 5 = 12 ట్రూ అన్నాడు, ఎక్స్ 7 కదా అని. 9 + 6 = 14 ఓపెన్ అన్నాడు, 15 అని దిద్దితే సరిపోతుంది కదా అని. 8 + 4 = 7 + 5 ఫాల్స్ అన్నాడు, ఎనిమిదీ నాలుగూ పన్నెండైతే పక్కన 7 ఉందని. 2 + 3 × 4 = 20 ట్రూ అన్నాడు. 6 ≥ 6 ఫాల్స్ అన్నాడు. 18 ÷ 3 + 5 ట్రూ అన్నాడు, 11 వచ్చిందని.

దీనికి తోడు ఇంటిపనిలో ఎక్స్ + 3 = ఎక్స్ + 5 అనే లెక్క వచ్చింది. ట్యూషన్ మాస్టారు ఫాల్స్ అన్నారట, బడిలో సారు ఓపెన్ అన్నారట. ‘ఇంత చిన్నది కూడా రాదేటి’ అని తండ్రి కసిరితే అబ్బాయి నోటుపుస్తకం దాచేస్తున్నాడు. ఆమె పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివారు. ట్యూషన్ మార్చాలా, తానే కూర్చుని చెప్పవచ్చా, చెబితే ఇంకా గందరగోళం అవుతుందా అని అడుగుతున్నారు.

సమాధానం: అమ్మా, ముందుగా ఒక మాట. తప్పు జవాబులతో పాటు వాడు చెప్పిన కారణాలు కూడా రాసి పంపడం చాలా మంచి పని. ఆ కారణాలు లేకపోతే ‘పిల్లాడికి ఈ పాఠం రాదు’ అని మాత్రమే అనుకునేవాళ్లం. అవి చూశాక తెలుస్తోంది, వాడు ఏదీ గుడ్డిగా రాయలేదు. ఆరింట్లో నాలుగింటికి వాడి కారణం వాడికుంది, మిగతా రెండూ ఎలా వచ్చాయో ఊహించగలం. కాకపోతే ఇవి ఆరూ ఒకే రకం తప్పులు కావు. అన్నిటికీ కలిపి ‘మళ్లీ చదువు’ అంటే ఒక్కటీ పోదు.

మొదటి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్స్ + 5 = 12 చూడగానే 7 వేసేసి ట్రూ అన్నాడు. 9 + 6 = 14 చూడగానే 14 ని 15 గా దిద్దేసి ఓపెన్ అన్నాడు. రెండు చోట్లా చేసింది ఒకటే పని, కాగితం మీద ఉన్నదాన్ని బాగుచేశాడు. ఒకటో తరగతి నుంచి ఇప్పటిదాకా లెక్క అంటే జవాబు కనుక్కోవడమే. ఖాళీ ఉంటే నింపాలి, తప్పుంటే దిద్దాలి. ఈ పాఠంలో అడిగేది అది కాదు. కాగితం మీద ఏముందో దాన్ని ముట్టుకోకుండా, ఏమీ వేయకుండా, ఏమీ మార్చకుండా, ఇది నిజమా, అబద్ధమా, ఇప్పుడే తేల్చలేమా చెప్పమంటున్నారు. ఈ ఒక్క సంగతి వాడికి అందితే మిగతా పాఠం చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. అందుకే మొదటి రోజు అంకెలు తీయకండి.

మామూలు మాటలతో మొదలుపెట్టండి. ‘శ్రీకాకుళం నాగావళి ఒడ్డున ఉంది’ అనండి. నిజం అంటాడు. ‘అరసవల్లి సూర్యదేవాలయం విజయనగరం జిల్లాలో ఉంది’ అనండి. అబద్ధం అంటాడు. తర్వాత ‘ఆ ఊరు వంశధార ఒడ్డున ఉంది’ అని ఊరుకోండి. ఏ ఊరు అని వాడే అడుగుతాడు. అడగాలి, అడిగేదాకా ఆగండి. శ్రీముఖలింగం అంటే అది నిజమవుతుంది, విజయనగరం అంటే అబద్ధమవుతుంది. ఊరి పేరు చెప్పేదాకా ఆ వాక్యం ఇటూ కాదు, అటూ కాదు. గణితంలో ఎక్స్, ఖాళీ గడి, ‘ఒక సంఖ్య’ అనే మాట, ఇవన్నీ ‘ఆ ఊరు’ చేసే పనే చేస్తాయి. అలాంటిది ఉన్న వాక్యమే వాడి పుస్తకంలోని ఓపెన్ సెంటెన్స్, మనం చదువుకున్న వివృత వాక్యం.

ఇప్పుడు వెనక్కి తిరిగి అరసవల్లి వాక్యం దగ్గరికి రండి. ‘విజయనగరం తీసి శ్రీకాకుళం అని పెడితే నిజమవుతుంది కదా, మరి దీన్ని కూడా తేలనిది అందామా’ అని అడగండి. అనకూడదని వాడికే తెలుస్తుంది. దిద్దితే నిజమయ్యే వాక్యం దిద్దనంతవరకు అబద్ధమే. అప్పుడు 9 + 6 = 14 చూపించండి. తన తప్పు తనే పట్టుకుంటాడు, మీరు చెప్పనక్కర్లేదు.

చివరగా ‘శ్రీకాకుళంలోని సూర్యదేవాలయం’ అనేసి ఆపండి. నిజమా, అబద్ధమా? రెండూ కాదు. మనం ఏ సంగతీ చెప్పలేదు, ఒక పేరు చెప్పి ఊరుకున్నాం. 18 ÷ 3 + 5 కూడా అంతే, 11 కి అది ఇంకో పేరు. దాన్ని సమాసం అంటారు, వాక్యం అనరు. వాక్యం కావాలంటే =, <, >, ≤, ≥, ≠ లలో ఏదో ఒక గుర్తు మధ్యలో ఉండి, రెండు వైపుల గురించి ఏదో ఒకటి చెప్పాలి. ఎక్స్ + 5 అని మాత్రమే రాసి ఉన్నా అది ఓపెన్ సెంటెన్స్ కాదు. అక్షరం కనిపించగానే ఓపెన్ అని రాసేసే పిల్లలు ఇక్కడ పడిపోతారు. మీవాడు ఇంకా ఆ తప్పు చేయలేదు గానీ, రేపు చేస్తాడు.

8 + 4 = 7 + 5 కి వాడిచ్చిన జవాబు మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇది ఈ పాఠంతో పోయేది కాదు. సమీకరణాలన్నిటికీ ఇదే పునాది. మీవాడికి = అంటే ‘ఇదిగో జవాబు’. దాని కుడిపక్కన వెంటనే పన్నెండు కనిపించాలి, కనిపించలేదు, కాబట్టి తప్పు. ఇది మీవాడొక్కడి లోపం కాదు. అమెరికాలో 145 మంది ఆరో తరగతి పిల్లలకు 8 + 4 = □ + 5 ఇచ్చి గడి నింపమంటే అందరూ 12 గానీ 17 గానీ వేశారు. సరైన 7 ఒక్కరూ వేయలేదు. 1999లో ఈ సంగతి అచ్చయింది. 1557లో రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తును మొదటిసారి వాడినప్పుడు, రెండు సమానమైన సమాంతర గీతలకన్నా సమానమైనవి ఇంకేవీ ఉండవు గనుక ఈ గుర్తు ఎంచుకున్నానని రాశాడు. అంటే మొదటి నుంచీ అది రెండు వైపులనూ తూచే గుర్తే. తక్కెడలో ఎడమ పళ్లెం, కుడి పళ్లెం ఎలాగో ఇదీ అలాగే. ఏ పళ్లెంలో ఎన్ని వస్తువులున్నాయన్నది కాదు, రెండు బరువులూ సమానమా అన్నదే లెక్క.

దీనికి నోటుపుస్తకంలో చేయించవలసిన పని ఒకటుంది. = గుర్తు దగ్గర పై నుంచి కిందికి ఒక నిలువు గీత గీయమనండి. ఎడమవైపు ఉన్నది గీతకు ఎడమన విడిగా లెక్కకట్టాలి, కుడివైపుది కుడిన. ఎడమన 12, కుడిన 12. ఆ తర్వాతే గుర్తు వైపు చూడాలి. గీత దాటి అంకెలు ఇటూ అటూ పోకూడదు. ఇంకొక అలవాటు కూడా మాన్పించాలి. కొట్లో లెక్క కట్టేటప్పుడు చాలామంది 8 + 4 = 12 + 5 = 17 అని వరసగా రాసుకుంటూ పోతారు. నోటితో అయితే ఇబ్బంది లేదు. రాస్తే మాత్రం 8 + 4 కీ, 17 కీ మధ్య = పెట్టినట్టయింది, అది అబద్ధం. మీవాడు చిల్లర లెక్కల్లో చురుకు అన్నారు కాబట్టి ఈ అలవాటు ఉండే ఉంటుంది, చూడండి. రెండు లెక్కలనూ రెండు వరసల్లో రాయిస్తే సరిపోతుంది.

2 + 3 × 4 = 20 లో తప్పు వాక్యాల గురించి కాదు, వరస గురించి. ఎడమ నుంచి చేసుకుంటూ పోతే 5 × 4, ఇరవై. కానీ గుణకారం ముందు చేయాలి, కాబట్టి ఎడమవైపు విలువ 2 + 12, అంటే 14. 14 = 20 అబద్ధం. (2 + 3) × 4 = 20 అయితే నిజం. రెండూ ఒకదాని కింద ఒకటి రాసి చూపించండి. ముందు చేయవలసిన భాగం కింద పెన్సిల్‌తో గీత గీశాకే లెక్క మొదలుపెట్టమనండి. ఒక జాగ్రత్త: కొట్టులో వాడే చిన్న కాలిక్యులేటర్‌లో 2 + 3 × 4 నొక్కితే 20 అనే చూపిస్తుంది, ఎందుకంటే అది నొక్కిన వరసలోనే చేసుకుంటూ పోతుంది. ఫోన్లో నొక్కితే 14 వస్తుంది. వాడు చిన్న కాలిక్యులేటర్‌తో సరిచూసుకుని ట్రూ అని గట్టిగా నమ్మి ఉండవచ్చు. ఒకసారి అడగండి.

6 ≥ 6 చిన్న సంగతి. ఆ గుర్తులో రెండు ప్రశ్నలున్నాయి: ఆరు ఆరుకన్నా పెద్దదా, లేదా ఆరుకు సమానమా? రెండింట్లో ఏ ఒక్కటి అవునైనా చాలు. సమానం కాబట్టి నిజం. 6 > 6 మాత్రం అబద్ధం.

ఇక రోజూ ఎలా కూర్చోవాలో. పదిహేను నిమిషాలు చాలు. పాత నోటుపుస్తకం కాగితాన్ని పన్నెండు చీటీలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కటి రాయండి. నిజమైనవి మూడు, అబద్ధమైనవి మూడు, ఓపెన్ మూడు, వాక్యమే కానివి మూడు. కలిపేసి వాడి చేతికివ్వండి, నాలుగు కుప్పలు చేయమనండి. ప్రతి చీటీకీ మూడు ప్రశ్నలు, ఇదే వరసలో: మధ్యలో పోల్చే గుర్తు ఉందా? లేకపోతే వాక్యం కాదు, పక్కన పెట్టు. ఉంటే, తెలియనిది ఏదైనా ఉందా, అక్షరమో గడో? ఉంటే ఓపెన్, అక్కడితో ఆగు. లేకపోతేనే గీత గీసి లెక్కకట్టు. ఈ వరస ఎందుకంటే, లెక్కకట్టడం ముందుకొస్తే మీవాడి చేయి ఆగదు, ఎక్స్‌కు విలువ కనిపెట్టేస్తాడు, ట్రూ అనేస్తాడు. లెక్కకట్టడం చివర ఉండాలి.

సరైన కుప్పలో వేసిన చీటీకి కూడా ‘ఎందుకు’ అని అడగండి. తప్పు వేసినప్పుడే అడిగితే, అడగగానే మార్చేయడం నేర్చుకుంటారు పిల్లలు. కారణం అక్కర్లేదనుకుంటారు.

మూడు నాలుగు రోజులకు కుప్పలు సరిగా పడుతుంటే చీటీలు ఆపేసి, వాక్యాలు వాడినే తయారుచేయమనండి. 9 + 6 = 15 ఇచ్చి, దీన్ని అబద్ధం చెయ్యి అనండి. తర్వాత ఓపెన్ చెయ్యి అనండి. 9 + □ = 15 అని రాయవచ్చు, ఎక్స్ + 6 = 15 అని రాయవచ్చు, 9 + 6 = ఎక్స్ అని కూడా రాయవచ్చు. ఈ చివరిది రాస్తే ‘దీనిలో ఎక్స్ 15 అని ఎవరికైనా తెలుసు కదా, మరి ఇది ట్రూ కాదా’ అని అడిగి చూడండి. ఎక్స్ ఎంతో మనకు వెంటనే తట్టినంత మాత్రాన వాక్యం ఓపెన్ కాకుండా పోదు. కాగితం మీద 15 లేదు, ఎక్స్ ఉంది. మొదటి తప్పు పూర్తిగా పోయిందో లేదో ఈ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

ఆ తర్వాతిది ఓపెన్ వాక్యంలో విలువలు వేసి చూడటం. దీనికి మీ ఇంట్లోనే లెక్కలున్నాయి. జీడి పిక్కల బస్తా 80 కిలోలు. 80 × □ = 560 అని రాసి, గడిలో 5, 6, 7, 8 ఒక్కొక్కటే వేయించండి. 400 = 560 అబద్ధం. 480 = 560 అబద్ధం. 560 = 560 నిజం. 640 = 560 అబద్ధం. నిజం చేసిన 7 ను సాధన అంటారు. ఇదే యత్నదోష పద్ధతి, సమీకరణాల పాఠంలో మళ్లీ వస్తుంది. తర్వాత 80 × □ = 600 ఇవ్వండి. 7 తక్కువైంది, 8 ఎక్కువైంది. నిండు బస్తాలే లెక్కపెట్టాలంటే ఏ సంఖ్యా దీన్ని నిజం చేయదు. అర బస్తా ఒప్పుకుంటే ఏడున్నర నిజం చేస్తుంది. అందుకే పుస్తకంలో ‘ఎక్స్ సహజ సంఖ్య’, ‘ఎక్స్ పూర్ణాంకం’ అని పక్కన రాస్తారు, పిల్లలు దాన్ని చదవకుండా దాటేస్తారు. ఎక్స్ < 4 లాంటివి కూడా రెండు మూడు ఇవ్వండి. పూర్ణాంకాల్లో 0, 1, 2, 3 నాలుగూ దాన్ని నిజం చేస్తాయి. ఓపెన్ వాక్యానికి జవాబు ఒక్కటే ఉండాలన్న నియమం లేదని అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు మాస్టారికీ, సారుకీ తేడా వచ్చిన ఎక్స్ + 3 = ఎక్స్ + 5. ఇద్దరి మాటలోనూ పస ఉంది. ఏ సంఖ్య వేసినా ఇది అబద్ధమే అవుతుంది. 1 వేస్తే 4 = 6, 10 వేస్తే 13 = 15. మాస్టారు అది చూశారు. కానీ చిన్న తరగతుల్లో సాధారణంగా చెప్పే నిర్వచనం ప్రకారం, విలువ తెలియని అక్షరం ఉన్న వాక్యం ఓపెన్. సారు రూపం చూశారు. దీన్ని సాధన లేని ఓపెన్ వాక్యం అంటే ఇద్దరి మాటా నిలబడుతుంది. దీనికి ఎదురుగా ఎక్స్ + 2 = 2 + ఎక్స్ లాంటివి ఉంటాయి, ఏది వేసినా నిజమే. పై తరగతుల్లో వాటిని సర్వసమీకరణాలు అంటారు. పరీక్షలో బడి సారు చెప్పిన నిర్వచనాన్నే పట్టుకోమనండి, పేపరు దిద్దేది ఆ లెక్కలోనే. జవాబు పక్కన ‘ఏ సంఖ్య వేసినా అబద్ధం, సాధన లేదు’ అని ఒక వరస రాస్తే పిల్లాడికి తెలిసినదంతా కాగితం మీద ఉంటుంది. మీ అబ్బాయి ముందు మాస్టారిని గానీ, సారుని గానీ తప్పుపట్టకండి. ఇద్దరూ ఏం చూసి అలా అన్నారో చెప్పండి. వాడికి అదే ఒక మంచి పాఠం.

ట్యూషన్ విషయానికి వస్తే, మీ ముందు మూడు దారులున్నాయి. మాస్టారిని మార్చవచ్చు. కానీ ఈ ఆరు తప్పుల్లో ఏదీ మాస్టారు సరిగా చెప్పకపోవడం వల్లే వచ్చిందనడానికి మీ ఉత్తరంలో ఆధారం కనిపించలేదు. పైగా కొత్తచోట కుదురుకునే లోపల పాఠాలు ముందుకు వెళ్లిపోతాయి. ఆ ఒక్క లెక్క కోసం అయితే మార్చనక్కర్లేదనే నా అభిప్రాయం. రెండోది, ఆ ఆరు జవాబులూ కారణాలతో సహా ఉన్న కాగితాన్నే మాస్టారికి చూపించి, ఒక వారం వీటి మీదే కూర్చోమని అడగడం. ఒప్పుకుంటే మేలు. పది పదిహేను మంది పిల్లలున్న చోట ఒక్కడి కోసం ఆగడం కష్టమే, ఒప్పుకోకపోతే నొచ్చుకోకండి. మూడోది మీరే కూర్చోవడం. దానికి పదో తరగతి చదువు ధారాళంగా సరిపోతుంది. మీరు కొత్తగా చెప్పవలసింది లేదు, అడిగి వినవలసిందే ఎక్కువ. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉన్న ప్రభుత్వ పాఠ్యపుస్తకం ఇంట్లో ఉంటే మీరు తెలుగు పేజీ చూడండి, వాడు ఇంగ్లీషు పేజీ చూస్తాడు. మాట్లాడుకునేది తెలుగులోనే మాట్లాడుకోండి, రాసేటప్పుడు మాత్రం బడిలో వాడే ట్రూ, ఫాల్స్, ఓపెన్ అనే మాటలే రాయనివ్వండి. మీరు పని నుంచి వచ్చేసరికి అలసిపోతారని తెలుసు. రోజూ కుదరకపోతే వారానికి నాలుగు రోజులైనా సరే. ఒకరోజు గంటసేపు కూర్చోబెట్టడం కన్నా అదే మంచిది.

వాళ్ల నాన్నగారికి ఆ చీటీలు ఇచ్చి, వాడు కాసేపు ఆయనను పరీక్షించేలా చూడండి. 2 + 3 × 4 = 20 చీటీ అందులో తప్పక ఉండాలి. పెద్దవాళ్లు కూడా తడబడేదే అది. ఆయన ఒకసారి ఆగి ఆలోచిస్తే ‘ఇంత చిన్నది’ అనే మాట మళ్లీ రాదు, పిల్లాడు పుస్తకం దాచడమూ తగ్గుతుంది.

రెండు వారాలయ్యాక ఈ ఎనిమిదీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, సాయం చేయకండి: 15 − 7 = 4 + 4. 5 × 0 = 5. ఎన్ − 9 = 0. 3 × 7 + 2. 10 − 2 × 3 = 4. 7 ≤ 7. 2 × ఎన్ > 10. 20 ÷ 4 × 5 = 1. వరసగా జవాబులు: ట్రూ, ఫాల్స్, ఓపెన్, వాక్యం కాదు, ట్రూ, ట్రూ, ఓపెన్, ఫాల్స్. ఎన్ − 9 = 0 కు ట్రూ రాస్తే బాగుచేసే అలవాటు ఇంకా ఉన్నట్టు, ఊళ్ల పేర్ల దగ్గరికే మళ్లీ వెళ్లండి. మొదటిదానికి ఫాల్స్ రాస్తే నిలువు గీత పని ఇంకో వారం సాగించండి. చివరిదొక్కటే తప్పితే కంగారు వద్దు. గుణకారం ముందు అని నేర్పాం గనుక 4 × 5 ముందు చేసి 20 ÷ 20 అనుకుని ఉంటాడు. భాగహారం, గుణకారం రెండిటిదీ ఒకే స్థాయి, ఎడమ నుంచి ఏది ముందొస్తే అది చేయాలి: 20 ÷ 4 అంటే 5, 5 × 5 అంటే 25. అప్పుడు అలాంటివి 24 ÷ 6 × 2, 36 ÷ 9 ÷ 2, 12 × 3 ÷ 4 అని ఒక ఐదారు ఇచ్చి ఆ వరస ఒక్కటే సాధన చేయించండి, వాక్యాల పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి తిరగేయించకండి.